ఎకో గదిలో గుండె మెలిక

రిటైరయ్యాక కూడా కూకట్‌పల్లి రైతు బజారులో నాకు విశ్రాంతి దొరకలేదు. బెండకాయలు ఏరుకుంటుంటే ఎవరో ఒకరు ఎదురొచ్చి, "నమస్తే మేడమ్, గుర్తుపట్టారా?" అంటారు. పట్టలేను. ఎలా పడతాను? నేను ఉద్యోగమంతా చేసింది లైట్లు తగ్గించిన గదిలో. వచ్చిన మనిషి ఎడమ పక్కకు తిరిగి, నాకు వీపు పెట్టి పడుకుంటాడు. నా చెయ్యి అతని ఛాతీ మీద, చూపు తెర మీద. ముఖం చూసే అవకాశమెక్కడిది? ఒకాయన మరీ నిలదీస్తే, "కాస్త అటు తిరుగుతారా, గుర్తొస్తారేమో" అనేశాను. మా వారు కూరల సంచితో సహా ఉల్లిపాయల దుకాణం వెనక్కి వెళ్లిపోయారు.

నేను గుండె డాక్టర్ని. అయితే కోసేదాన్ని కాదు, తీగలు పంపేదాన్నీ కాదు. అందరూ టూడీ ఎకో అనే పరీక్ష చేసి, అల్ట్రాసౌండ్‌తో గుండె కదలికలు చూసి చెప్పేదాన్ని. అందులోనూ గుండె ఎంత మెలి తిరుగుతోందో కొలవడం నా పిచ్చి. ఈ మధ్య చదువు ముగించుకుని ఎకో వైపు వస్తున్న పిల్లలు నన్ను సలహా అడుగుతున్నారు. ఏ పుస్తకం చదవాలో నేను చెప్పను, అది మీకే బాగా తెలుసు. పుస్తకంలో లేనివి కొన్ని చెబుతాను.

దుప్పటి పాఠం

నాకు ఈ విద్య నేర్పినవారు సుదర్శనం గారు. మనిషి పొట్టి, గొంతు మాత్రం పొడుగు. హైటెక్ సిటీ దగ్గరి మా ఆసుపత్రిలో ఎకో విభాగానికి ఆయనే పెద్ద. కొత్తగా చేరినవాళ్లను మొదటి రోజు మెషీన్ ముట్టుకోనిచ్చేవారు కాదు. మేడ మీదికి తీసుకెళ్లి, నీళ్లోడుతున్న దుప్పటి ఒకటి చేతికిచ్చి, "పిండండి" అనేవారు.

నాతోపాటు చేరినవాడు బంగారు పతకం తెచ్చుకున్న కుర్రాడు. చెరో కొసా పట్టుకున్నాం. ఏ దిక్కుకు తిప్పాలో మాట్లాడుకోకుండా మొదలుపెట్టాం, ఇద్దరం ఒకే వైపు తిప్పాం. దుప్పటి గిరగిరా తిరిగింది కానీ నీళ్లు మాత్రం రాలలేదు. సుదర్శనం గారు నవ్వనైనా నవ్వలేదు.

"శభాష్. ఇద్దరూ కలిసి ఒక జబ్బు గుండెను తయారుచేశారు" అన్నారు.

నిజంగానే అలాంటి జబ్బులున్నాయి. మంచి గుండె గుప్పిట మూసి తెరిచినట్టు ఊరికే ముడుచుకోదు. పై భాగం ఒక వైపు, కింది కొన దానికి ఎదురు వైపు తిరుగుతాయి. ఆ మెలికతో రక్తం బయటికి పోతుంది, మెలిక విడిపోతున్నప్పుడు కొత్త రక్తం లోపలికి వస్తుంది. కొందరి గుండెల్లో రెండు కొసలూ, నేనూ ఆ బంగారు పతకమూ చేసినట్టే, ఒకే వైపు తిరుగుతాయి.

తర్వాత కొసలు వదిలి, నడిమికి జరిగి పిండమన్నారు. నడిమి భాగం కాస్త తడిపొడిగా అయింది, అటూ ఇటూ వేలాడుతున్న దుప్పటంతా నీళ్లే. "చేతుల్లో బలం ఉంటే చాలదు, ఎక్కడ పట్టుకున్నారన్నది ముఖ్యం" అన్నారాయన. అప్పట్లో నాకు ఆ మాట కంటే తడిసిన చీర మీదే ధ్యాస ఎక్కువ.

మొహమాటస్తురాలు

మెలికను కొలవడం చూడ్డానికి సులువే. తెర మీద గుండె కండరం సన్నని చుక్కలుగా కనిపిస్తుంది. పైన ఒక అడ్డకోత బొమ్మ, కొన దగ్గర ఇంకో అడ్డకోత బొమ్మ తీసి, కండరం చుట్టూ గీత గీస్తే మెషీన్ ఆ చుక్కల వెంటపడి ఏవి ఎటు ఎంత తిరిగాయో లెక్క చెబుతుంది. రెండు కోతల మధ్య తేడాయే మెలిక. మేం ట్విస్ట్ అంటాం.

కొత్త మెషీన్ అమ్మడానికి టై కట్టుకున్న అబ్బాయి ఒకడు వచ్చాడు. అది ఎంత తెలివైనదో ఇంగ్లీషులో చాలాసేపు చెప్పాడు. సుదర్శనం గారు అంతా విని, మా టెక్నీషియన్ని పడుకోబెట్టి, ప్రోబ్‌ను ఛాతీ మీద నుంచి కిందికి జరిపి కాలేయం చూపించారు. కాలేయం మీద గుండ్రంగా గీత గీసి, మీట నొక్కారు. మెషీన్ ఒక్క క్షణం ఆలోచించి, రంగురంగుల గ్రాఫ్‌తో సహా ట్విస్ట్ ఇచ్చేసింది.

"బాబూ, ఈయన లివర్ బ్రహ్మాండంగా మెలి తిరుగుతోంది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చేద్దామా?" అన్నారాయన. ఆ అబ్బాయి టై వదులు చేసుకున్నాడు. మెషీన్ మాత్రం కొన్నాం, ఎందుకంటే మిగతావీ ఇంతే.

పిల్లలూ, మెషీన్‌కు మొహమాటం ఎక్కువ. ఏదడిగినా లేదనదు. తెలియదని చెప్పాల్సిన పని మీది.

మార్కుల పిచ్చి

మా ఆసుపత్రి చుట్టూ అద్దాల మేడలు. మెడలో ట్యాగు, చేతిలో ఫోను, ఫోనులో మీటింగు, ఇదీ మా పేషెంటు. "ఊపిరి వదిలి ఆపండి" అంటే ఆపేవారు, మీటింగులో ఎవరైనా పేరు పిలిస్తే పలికేసేవారు.

ఒక టీమ్ లీడ్ అడిగాడు, "మేడమ్, నా ట్విస్ట్ ఎంత? మా మేనేజర్‌ది నాకంటే తక్కువంట. అంటే నేనే కదా బెటర్?"

ఆయనకు బీపీ ఉంది, మందు వేసుకోవడం లేదు. మెలిక ఉండాల్సినదానికంటే ఎక్కువుంది. "మీ గుండె ఓవర్‌టైమ్ చేస్తోందండి. కండరం లోపలి పొర అలిసిపోయి పని తగ్గించింది. బయటి పొర దాని పని కూడా నెత్తినేసుకుని ఎక్కువ తిప్పుతోంది" అని చెప్పాను.

ఆయన ఫోను పక్కన పెట్టి, "మా టీమ్‌లో నా పరిస్థితీ అదే మేడమ్" అన్నాడు. బీపీ మందు రాసిచ్చాను. టీముకు నా దగ్గర మందు లేదు.

అంకె ఎక్కువైతే మంచిది, తక్కువైతే చెడ్డది అనుకోవడం పరీక్షలు రాసి రాసి మనకు పట్టిన జబ్బు. గుండె మన స్కూల్లో చదువుకోలేదు. ఒక జబ్బులో మెలిక పెరుగుతుంది, ఇంకో జబ్బులో తగ్గుతుంది. ఒక్కోసారి తక్కువ అంకె రావాలని కోరుకోవాల్సి వస్తుంది. అలాంటి ఒక కేసు గురించే ఇదంతా రాయడం మొదలుపెట్టాను, ముందు మాటలు ఎక్కువయ్యాయి.

అండాలు

అండాలుది బోరబండ. మా వీధిలోనే ఉన్న ఒక ఆఫీసు టవర్లో హౌస్‌కీపింగ్ చేసేది. ఆమె భర్త యాదగిరి ఆ టవర్‌కే సెక్యూరిటీ గార్డు. నా దగ్గరికి వచ్చేసరికి ఆమె పని మానేసి చాలాకాలమైంది. కాళ్లు వాచి, కడుపు ఉబ్బి, మెడ మీద నరాలు తాళ్లలా తేలి ఉన్నాయి. అంతకుముందు చూసినవాళ్లు లివర్ చెడిందన్నారు. లివర్ అనగానే వాడకట్టంతా ఆమెను ఒకలా చూడటం మొదలుపెట్టింది.

"కల్లు ముట్టనే ముట్ట మేడమ్. ఎవలు నమ్మరు. అత్త సుత నమ్మదు" అంది.

యాదగిరి బాధ వేరు. "కడుపు జూసి ఎన్నో నెల అని నన్నడుగుతున్నరు మేడమ్. ఇద్దరు పిల్లలు బడికి పోబట్టిరి, ఇగ నాకేం జెప్పాల్నో తెల్వది."

అప్పుడు నా దగ్గర హర్షిత అనే డాక్టరమ్మాయి పని నేర్చుకుంటోంది. నార్సింగిలో పుట్టి పెరిగిన పిల్ల. చురుకైనది, చెయ్యి మంచిది, ప్రతి పేషెంటునూ ఏదో ఒక వరస పెట్టి పిలిచేది. "అక్కా, జర ఎడమ దిక్కు పండుకుంటవా?" అంది.

"పండుకుంటే దమ్మొస్తది చెల్లే. ఏడాది సంది పండుకుందే లేదు. రాత్రంత గోడకానుకోని కూసుంటున్న."

తలగడలు పేర్చి, సగం కూర్చోబెట్టే పరీక్ష చేశాం. గుండె పంపింగు బాగానే ఉంది. అదే చిక్కు. బాగా పంపు చేస్తున్న గుండెలోకి రక్తం సరిగా పోవడం లేదు. దీనికి రెండు కారణాలుండొచ్చు. గుండె చుట్టూ ఉండే పల్చని సంచి గట్టిపడి గుండెను బిగించేయడం మొదటిది. అండాలు చిన్నప్పుడు టీబీ మందులు వాడింది కాబట్టి అది జరగొచ్చు. అదే అయితే, ఆపరేషన్ చేసి ఆ సంచిని ఒలిచేస్తే మనిషి లేచి తిరుగుతుంది. రెండోది గుండె కండరమే బిగుసుకుపోవడం. దానికి మందులతో నెట్టుకురావడమే తప్ప, కోసి చేసేదేమీ లేదు. సంచి అనుకుని ఛాతీ తెరిచాక కండరం అని తేలితే, ఆమె బల్ల మీద నుంచి లేవకపోవచ్చు.

మిగతా పరీక్షలన్నీ గోడమీది పిల్లులే అయ్యాయి. సీటీ స్కాన్‌లో సంచి మందంగా లేదు. గుండెలోకి తీగ పంపి చూసిన లెక్కలూ అటూ ఇటూ కాకుండా నిలిచాయి. సర్జన్ రఘురాం గారు రోజూ ఫోను చేసేవారు. "మేడమ్, నాకు కవిత్వం వద్దు. కొయ్యాలా, వద్దా?"

ఇక్కడే మెలిక సాక్ష్యానికి వస్తుంది. సంచి బిగుసుకున్నప్పుడు గుండె బయటి పొర దానికి అతుక్కుపోతుంది. గుండెను మెలి తిప్పేది ముఖ్యంగా ఆ బయటి పొరే కాబట్టి మెలిక పడిపోతుంది, నిలువు కదలిక, అంటే పొడవునా ముడుచుకోవడం, మాత్రం బాగుంటుంది. కండరమే చెడితే దాదాపు దీనికి తలకిందులు. కనుక అండాలు గుండెలో మెలిక తక్కువుండాలని మేమంతా మొక్కుకున్నంత పనిచేశాం.

హర్షిత కొలిచింది. పరుగెత్తుకుంటూ నా గదిలోకి వచ్చింది. "మేడమ్! ట్విస్ట్ అసలే లేదు! సంచే!"

రఘురాం గారు సోమవారానికి ఆపరేషన్ థియేటర్ రాసేసుకున్నారు. హర్షిత ఆగలేక యాదగిరికి చెప్పేసింది. అతను కింద బండి దగ్గర నుంచి చాయ్ తెప్పించి, లిఫ్టు అబ్బాయితో సహా అందరికీ పోయించాడు. నేనూ తాగాను, చాలా బాగుంది.

రెండు బొడిపెలు

చాయ్ తాగుతూ ఆ వీడియో తెరిచాను. నాకు అనుమానమేమీ లేదు, సంతోషంగా ఉన్నప్పుడు మంచి బొమ్మ చూడాలనిపిస్తుంది, అంతే. కొన దగ్గర తీసిన కోత అని హర్షిత రాసినదానిలో, గుండె లోపలి గోడ నుంచి రెండు బొడిపెలు పొడుచుకొచ్చి కనిపించాయి. అవి కవాటాల తాళ్లను పట్టుకుని ఉండే కండరాలు. గుండె నడిమిలో ఉంటాయి. కొన దగ్గర ఉండవు.

అంటే మేం పట్టుకున్నది దుప్పటి కొస కాదు, నడుము. నడుము దగ్గర మెలిక ఎవరికైనా తక్కువే. నాకూ, మీకూ, ఆ టీమ్ లీడ్‌కూ కూడా.

చాయ్ పక్కన పెట్టేశాను. హర్షితను పిలిచి తెర చూపించాను. ఆ పిల్ల బొడిపెలను చూడగానే గుర్తుపట్టింది.

"కడుపు ఉబ్బి గుండెను పైకి నెట్టింది మేడమ్. ప్రోబ్ కిందికి పోనిస్తే పక్కటెముక అడ్డమొచ్చింది. గందుకే..."

"అడ్డమొస్తే అడ్డమొచ్చిందని రాయాలమ్మా. అంకె ఎందుకిచ్చావు?"

"మెషీన్ ఇచ్చింది మేడమ్."

ఇది మా శాఖవాళ్లు మాత్రమే చేయగలిగిన తప్పు. ఎక్స్‌రే సరిగా తీయకపోతే తెల్లకాగితంలా ఉండి తన తప్పు తానే చెబుతుంది. మా దగ్గర తప్పు చోట కొలిచినా అందమైన గ్రాఫ్ వస్తుంది. ఆ గ్రాఫ్ మనం కోరుకున్న జవాబే చెబితే, ఇక దాన్ని ఎవరూ తిరిగి చూడరు. హర్షిత చెయ్యి మంచిదేనని ముందే చెప్పాను. ఆ పూట ఆ చేతిని నడిపింది ఆశ. అండాలు బాగుపడాలని మాలో అందరికంటే ఎక్కువ కోరుకున్నది ఆ పిల్లే.

రఘురాం గారికి చెబితే కాసేపు గొణిగారు. "థియేటర్ ఖాళీగా ఉంచినందుకు నాకెవరూ సన్మానం చేయరు. సరే, తేల్చి చెప్పండి. తేలకపోతే కత్తి పట్టను" అన్నారు. మంచి సర్జన్‌ను గుర్తుపట్టడం ఇలాంటప్పుడే.

యాదగిరికి చెప్పడం అంత సులువుగా కాలేదు.

"నిన్న మంచిగైతదన్నరు. చాయ్ తాగిన్రు. ఇయ్యాల మల్లా జూడాలంటరా?" అన్నాడు. గొంతు పెంచలేదు. అరిచి ఉంటే నాకు నయంగా ఉండేది. "పిల్లలకు సుత జెప్పిన మేడమ్, అమ్మ మంచిగైతదని. ఇగ ఏమని జెప్పాలె?"

"ఇంకా చూస్తున్నారని చెప్పండి. నేను చెప్పగలిగింది అదొక్కటేనండి" అన్నాను. హర్షిత నా వెనక నిలబడి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది గానీ, ఆ పూట ఒకరే ఏడవాలని ఆపుకున్నాను.

పేరు కప్పి కొలవడం

మందులతో ఒంట్లో నీరు తీయించాం. కడుపు కాస్త తగ్గి, ఆమె ఓ మోస్తరు వాలగలిగాక నేనే ప్రోబ్ పట్టుకున్నాను. ఒక పక్కటెముక కిందికి, తర్వాత ఇంకొకటి కిందికి, పక్కకు జరిపాను. బొడిపెలు మాయమై, చిన్న గుండ్రని కొన తెర మీదికొచ్చింది. కానీ దాన్ని కొలిచే పని నేను చేయలేదు.

అది సుదర్శనం గారు పెట్టిన ఆచారం. ఏ జవాబు కావాలో తెలిసినవాళ్లు గీత గీయకూడదు. పేషెంటు పేరు కప్పేసి, మరికొందరి వీడియోలతో కలిపి, సంగతి తెలియనివాళ్లకు ఇవ్వాలి. గీత ఒక వెంట్రుకవాసి అటు జరిపితే అంకె మారుతుంది, ఆ వెంట్రుక మన మనసు మాట వింటుంది. మా విభాగంలో అండాలు సంగతి తెలియనివాళ్లు ఎవరూ మిగల్లేదు, అందరూ యాదగిరి పోయించిన చాయ్ తాగినవాళ్లే. అందుకని అప్పటికే రిటైరైన సుదర్శనం గారినే పిలిచాం. ఫ్లాస్కులో తన కాఫీ తాను తెచ్చుకుని వచ్చారు. మా క్యాంటీన్ మీద ఆయన అభిప్రాయం ఏమాత్రం మారలేదు.

మమ్మల్ని బయటికి పంపి తలుపేసుకున్నారు. హర్షిత, నేను బెంచీ మీద కూర్చున్నాం. ఆ పిల్ల గోళ్లు కొరుకుతుంటే వద్దని మందలించి, నేను చీర కొంగు నమలడం మొదలుపెట్టాను. మెలిక బాగుందని ఆయన అంటే ఆపరేషన్ లేదు. ఆ గోడకానుకుని కూర్చోవడమే ఆమెకు మిగులుతుంది.

ఆయన తలుపు తీశారు. "మిగతావాళ్లు మామూలే. ఈ ఒక్కాయన ఎవరో గానీ మెలిక దాదాపు లేదు. కొన సరిగ్గానే పట్టారు. నిలువుగా మాత్రం హాయిగా కదులుతున్నాడు. ఎవరీయన?"

"ఈయన కాదు సార్, ఈమె" అంది హర్షిత.

"ఎవరైతేనేం, సంచి తీయించండి. మనిషిని ఎందుకు కూర్చోబెట్టారు?" అన్నారాయన. ఆమె కూర్చునే ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు, అది ఆయన మాట తీరు. హర్షిత ఆయన కాళ్లకు దండం పెట్టబోతే కాఫీ ఒలుకుతుందని కసిరారు.

అంకె పాతదానికి దగ్గరగానే వచ్చింది. అయితే ఇంత హడావుడి ఎందుకని మీరు అడగొచ్చు, హర్షిత కూడా అడిగింది. మొదటిసారి మాకు దొరికింది అదృష్టం, రెండోసారి దొరికింది సాక్ష్యం. అదృష్టాన్ని నమ్మి ఒకరి ఛాతీ తెరవకూడదు.

ఆపరేషన్ రోజు నేనూ థియేటర్లో ఎకో తెర ముందు నిలబడ్డాను. సంచి పల్చగానే ఉంది, కానీ ఎండిన తోలులా బిగుసుకుని ఉంది. రఘురాం గారు ఓపిగ్గా ఒలిచారు. గుండె ఒక్కసారిగా గిర్రున తిరుగుతుందని నేను గుడ్లప్పగించి చూశాను. ఏమీ జరగలేదు. రక్తం మాత్రం లోపలికి బాగా పోతోంది. "తీసేశానుగా, మీ ట్విస్ట్ ఏది మేడమ్?" అన్నారాయన. "ఇన్నాళ్లు సంచిలో కట్టేసినట్టుంది కదండి, తిరగడం గుర్తురావాలి" అన్నాను. ధైర్యంగానే అన్నాను, లోపల బెంగగానే ఉంది.

కొన్ని నెలల తర్వాత అండాలు పరీక్షకు వచ్చింది. కాళ్ల వాపు లేదు, కడుపు లేదు. నేను ముఖం గుర్తుపట్టలేదు, ఈసారి తప్పు నాది కాదు. హర్షిత ప్రోబ్ పట్టుకుంది. నేను చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాను. అండాలు తలగడ అడగలేదు. ఎడమ పక్కకు తిరిగి బల్ల మీద వాలింది. హర్షిత ఒక పక్కటెముక కిందికి, ఇంకొకటి కిందికి వెళ్లి, బొడిపెలు లేని కొన పట్టుకుంది. నన్ను చూడమని సైగ చేసింది, బాగానే ఉందన్నాను. పైభాగం అటు, కొన ఇటు, మెలిక పడుతోంది. పూర్తిగా రాలేదు, కానీ కంటికి కనిపిస్తోంది.

"అక్కా, తిరుగుతున్నదే!" అంది హర్షిత.

అక్క పలకలేదు. వంగి చూశాం. ఏసీ చల్లగా ఉంది, గది చీకటిగా ఉంది, అండాలు చెంప కింద చెయ్యి పెట్టుకుని నిద్రపోతోంది. చిన్నగా గురక కూడా పెడుతోంది. ఉద్యోగంలో నేను లెక్కలేనంత మందిని నిద్రపోవద్దని, ఊపిరి ఆపమని, ఇటు తిరగమని లేపాను. ఆమెను లేపడానికి మాత్రం మా ఇద్దరికీ చెయ్యి రాలేదు. హర్షిత మెల్లగా జెల్ తుడిచి, దుప్పటి కప్పింది.

డ్యూటీ నుంచి యూనిఫాంలోనే వచ్చిన యాదగిరి తలుపు కొద్దిగా తీసి చూశాడు.

"ఒరిగి పండుకున్నదా మేడమ్?" అన్నాడు మెల్లగా.

"పడుకుందండి."

బయట వరసలో మెడలో ట్యాగున్న ఒకాయన లేచి నిలబడ్డాడు. తన నంబరు దాటిపోతోందని, మీటింగుందని, లోపల ఇంకా ఎంతసేపని గట్టిగా అడుగుతున్నాడు. నేను నోరు తెరిచేలోపే యాదగిరి కళ్లు తుడుచుకుని, టోపీ సరిచేసుకుని, తలుపు దగ్గరగా వేసి దానికి అడ్డంగా నిలబడ్డాడు.

"లోపట పేషెంట్ పండుకున్నది సార్. జర కూసోండ్రి."